హైదరాబాదు క్లోరోఫామూ, మా రాజుగాడి గుండే

మా రాజుగాడికి పన్నెండేళ్లు. పామరేనియన్. పళ్లు పుచ్చిపోయాయి, తీసెయ్యాలన్నారు. తీరా స్టెతస్కోపు పెట్టి చూస్తే గుండెలో మర్మర్ వినిపించింది. మత్తిస్తే మళ్లీ లేస్తాడా అన్న బెంగతో రాత్రంతా చదువుతూ కూర్చున్నా. చివరికి కథ మన హైదరాబాదుకే వచ్చి చేరింది!

1847 నవంబర్‌లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫామ్ వాడకం మొదలెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకుంది. ముందు ఆగింది ఊపిరా, గుండా? దీనిమీద డాక్టర్లు దశాబ్దాలు కొట్టుకున్నారు.

హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఒకటే మాట: "ఊపిరి చూసుకో చాలు, నాడితో పనిలేదు". 1888లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో కమిషన్ వేసి, కుక్కల మీద ప్రయోగాలు చేసి, తన మాటే నిజమన్నాడు. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాం వెయ్యి పౌండ్లిచ్చి అక్కణ్ణుంచే లాడర్ బ్రంటన్‌ని రప్పించాడు. 1889లో రెండో కమిషన్. కుక్కలు, పిల్లులు, కోతులు, మేకలు, గుర్రాలు... పాపం, వందల్లో. తీర్పు మళ్లీ లారీ వైపే.

మన భాషలో చెప్పాలంటే టెస్టులన్నీ పాసయ్యాయి. కానీ అసలు టెస్ట్ కేసే రాయలేదు!

ఆ కేసు రాసింది గుడ్‌మన్ లెవీ, 1911లో. పిల్లులకి క్లోరోఫామ్ కొద్దిగానే ఇచ్చి, పైన అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె లయ తప్పి, గిలగిలా వణికి ఆగిపోయింది. భయపడిన రోగి ఒంట్లో ఊరేదీ ఆ అడ్రినలినే కదా! మోతాదు మించితే ముందు ఊపిరి ఆగడం నిజమే. ఆ నిజం పట్టుకుని లారీ రెండో దారి మూసేశాడు.

ఇప్పుడు క్లోరోఫామ్ లేదు. కానీ ప్రశ్న పోలేదు. 2002-2004 మధ్య బ్రిటన్‌లో సుమారు లక్ష కుక్కల్ని గమనించిన అధ్యయనంలో, మత్తు వల్ల పోయినవి ఆరోగ్యంగా ఉన్నవాటిలో 2000కి ఒకటి, జబ్బున్నవాటిలో 75కి ఒకటి. పిల్లుల్లో అయితే చావుల్లో సగానికిపైగా ఆపరేషన్ అయ్యాకే. ఇంకో విషయం చూడండి: నాడి చూస్తూ ఉన్న పిల్లుల్లో ప్రమాదం తగ్గింది. లారీ వద్దన్న పనే!

మా డాక్టరుగారు ముందు ఎకో, రక్తపరీక్షలు చేయించారు. "వయసు జబ్బు కాదండీ, గుండె సంగతి తెలియకపోవడమే ప్రమాదం" అన్నారు. వాడు కంగారు పడకుండా ముందుగా నెమ్మదిపరిచే ఇంజెక్షన్, మాస్కుతో కాసేపు ఆక్సిజన్, తర్వాత కొంచెం కొంచెంగా మత్తు, ఆపైన ఐసోఫ్లురేన్. బీపీ, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ మానిటర్ మీద కనిపిస్తూనే ఉన్నాయి. గుండె మీద భారం పడకుండా సెలైన్ మెల్లగా, ఒళ్లు చల్లబడకుండా దుప్పటి. అన్నీ ఉన్నా ఒక అసిస్టెంటు వేలు మాత్రం వాడి తొడ దగ్గర నాడి మీద నుంచి కదల్లేదు.

అయిపోయాక, "మొదటి మూడు గంటలూ కళ్లార్పకుండా చూడాలి, ఇక్కడే ఉంచండి" అన్నారు. ఉన్నాం. వాడు లేచి, నన్ను చూసి తోకాడించాడు.

మీ ఇంట్లోనూ ముసలి కుక్కో, పిల్లో ఉంటే మత్తుకి ముందు రెండే రెండు అడగండి: గుండె పరీక్ష చేశారా? లేచేదాకా పక్కన ఎవరుంటారు?