పద్దెనిమిది పళ్ళ చక్రం

మా మామయ్య కాలేజీ రోజుల్లో పందేలకి తొక్కిన రేసు సైకిలు ఫ్రేము అటక మీద ఏళ్ళ తరబడి పడి ఉంది. పోయిన వేసవిలో దాన్ని దించి, గేర్లు తీసేసి, నేను రోజూ పాఠాలు చెప్పడానికి వెళ్ళొచ్చే ఒంటిగేరు సైకిలుగా మార్చుకున్నాను. మన పాలవాళ్ళ సైకిళ్ళకి ఎప్పుడూ ఒకటే గేరు. దాన్ని ఎవరూ ఫ్యాషన్ అనలేదనుకోండి.

పాత ఫ్రేము కావడం కలిసొచ్చింది. వెనక ఇరుసు కూర్చునే గాడి అందులో అడ్డంగా ఉంటుంది. ఇరుసుని వెనక్కి జరిపి చైను బిగించుకోవచ్చు. గాడి నిలువుగా ఉంటే చైను బిగువుకి వేరే పరికరం తగిలించాలి. ముందు, వెనక పళ్ళచక్రాలు ఒకే వరసలో లేకపోతే చైను కరకరలాడుతుంది, ఊడిపోతుంది. ఇదంతా చేతులు నల్లబడ్డాకే తెలిసింది నాకు.

పేచీ పళ్ళ లెక్క దగ్గర వచ్చింది. ముందు 42 పళ్ళు. వెనక 16 వేద్దామన్నాడు మెకానిక్. దారిలో ఫ్లైఓవరుంది, 18 కావాలన్నాను. "పద్దెనిమిదంటే ముసలాళ్ళ బండి మేడమ్. ఎక్కలేననుకుంటే గేర్లే ఉంచుకోండి, లేడీస్ కదా" అన్నాడు. మంచివాడే. కానీ ఆ మాట నూరేళ్ళు దాటినది.

1902లో ఫ్రాన్సులో టూరింగ్ క్లబ్ వాళ్ళు గేర్ల సైకిళ్ళని కొండదారుల్లో పరీక్షించారు. ఆనాటి పెద్ద పందెగాళ్ళలో ఒకడైన ఎదువార్ ఫిషర్ ఒంటిగేరు మీద, మార్త్ హెస్ అనే స్త్రీ మూడు గేర్ల గోలోయిజ్ సైకిలు మీద బయల్దేరారు. ఏ ఎత్తులోనూ ఆమె కాలు కింద పెట్టలేదనీ, అతన్ని మించిపోయిందనీ సైకిలు చరిత్రలు చెబుతాయి. దీనిమీద పత్రికా సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ స్పందన చూడండి. ప్రయోగాన్ని మెచ్చుకుంటూనే, గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేననీ, కండబలంతో గెలవడమే గెలుపనీ తేల్చేశాడు. మరుసటి ఏడు టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టింది ఈయనే. చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే యంత్రాన్ని ఆ పందెంలో అందరికీ అనుమతించింది 1937లో! ఒక స్త్రీ హాయిగా కొండెక్కి చూపించాక కూడా, మగవాళ్ళని అన్నేళ్ళు రొప్పుతూ ఎక్కించిన ఈ పౌరుషాన్ని ఏమనాలి?

మరి అలాంటప్పుడు గేర్లు ఎందుకు పీకించావని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. దానికి జవాబు మరియా వార్డ్ దగ్గర దొరికింది. న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్‌కి చెందిన ఈవిడ 1896లో ఆడవాళ్ళ కోసం సైకిలు పుస్తకం రాసింది. తొక్కడం నేర్పి ఊరుకోలేదు, విప్పడం, బిగించడం కూడా నేర్పింది. కుట్టుపని వచ్చిన చేతులకి పనిముట్లు కొత్తేమీ కావని ఆమె వాదన. ఆలిస్ ఆస్టెన్ తీసిన ఫొటోల ఆధారంగా వేసిన బొమ్మలున్నాయి అందులో. డైసీ ఎలియట్ అనే వ్యాయామ శిక్షకురాలు సైకిలుతో కనిపిస్తుంది వాటిలో. ఆడవాళ్ళ సైకిలు చరిత్ర అనగానే మనం లంగాల పొడవు గురించే మాట్లాడుకుంటాం గానీ, ఆ చేతుల్ని అంతగా పట్టించుకోం.

నాకు కావలసింది ప్రతి భాగాన్నీ నేనే విప్పి బిగించుకోగల బండి. గేర్లు పోతే వాటి తీగలూ మీటలూ పోతాయి. అంతేగానీ, నా మోకాళ్ళు ఎవరి పౌరుషానికీ బాకీ లేవు. 16 పళ్ళయితే పెడలు ఒక చుట్టుకి బండి అయిదున్నర మీటర్లు పోతుంది, 18 అయితే అయిదుకి కాస్త తక్కువ. ఆ అరమీటరు వదులుకుని 18 వేయించాను. ఫ్లైఓవరు దిగకుండా ఎక్కుతున్నాను, మెల్లగానే.

మొన్న తార్నాక దగ్గర చైను వదులైంది. సంచీలోంచి పానా తీసి, ఇరుసు వెనక్కి లాగి బిగించుకున్నాను. ఆ పదినిమిషాల్లో ఇద్దరు పెద్దమనుషులు స్కూటర్లు ఆపి, ఎలా బిగించాలో చెప్పి వెళ్ళారు.