పొట్టకూటి చదువు, మనసైన చదువు – గోదావరి తీరాన దాని చరిత్ర

పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటి నుండి జూన్ నెలాఖరు దాకా ఆత్రేయపురం చుట్టుప్రక్కల మన సంఘ సభ్యుల ఇండ్లలో జరిగే చర్చ ఒక్కటే. "మాస్టారూ, మావాణ్ణి ఏ గ్రూపులో పడెయ్యమంటారు?" పడెయ్యడం అన్న మాట మాది కాదు, అడిగేవారిదే. ఎం.పి.సి. అయితే ఇంజనీరు, బై.పి.సి. అయితే డాక్టరు, ఈ రెండూ కానివాడికి సి.ఇ.సి. పిల్లకు చరిత్ర అంటే ప్రాణం, పిల్లవాడు బొమ్మలు బాగా గీస్తాడు వంటి సంగతులు ఎప్పుడో ఆఖరున, కాస్త సిగ్గుపడుతూ చెబుతారు, అదేదో ఒంట్లో ఉన్న చిన్న జబ్బు అన్నట్లు. ఈ చర్చ మన తరంతో మొదలైనది కాదు. ఏ చదువుకు అన్నం దొరుకుతుంది, ఏ చదువు మనసుకు పడుతుంది అనే తగాదా ఈ గోదావరి ఒడ్డున చాల కాలంగా నడుస్తూనే యున్నది. ఆ పాత సంగతులు కొన్ని సభ్యుల ముందు ఉంచుదామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒకప్పుడు మన ప్రాంతంలో కూడు పెట్టే చదువు ఫారసీ. రాజమహేంద్రవరంలో నవాబుల తరఫున ఫౌజుదార్లు కూర్చున్న రోజుల్లో లెక్కలూ, ఫర్మానాలూ, అర్జీలూ ఆ భాషలోనే నడిచేవి. మున్షీగిరీ కావాలంటే ఫారసీ రావలసిందే. ముస్లిములే కాదు, కచేరీ ఉద్యోగం ఆశించిన బ్రాహ్మణ కుటుంబాల వారు కూడ మౌల్వీల దగ్గర కూర్చుని ఫారసీ నేర్చుకున్నారు. సాదీ కవిత్వం మీద మక్కువతో నేర్చినవారు కొందరుంటే ఉండవచ్చు గాని ఎక్కువమందికి అది ఆనాటి 'జాబ్ కోర్సు'. తరువాత కుంఫిణీ వారు వచ్చారు. 1837లో చేసిన చట్టంతో కోర్టులలోను, రెవెన్యూలోను ఫారసీని తొలగించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. తరాల తరబడి ఇంటిని నిలబెట్టిన చదువు ఒక్క కాగితంతో పనికిరానిదై పోయింది. భాష పోయింది గాని మాటలు మిగిలాయి. నేటికీ మన రైతు జిల్లా, తాలూకా, తహసీల్దారు, జమాబందీ, దస్తావేజు, రశీదు అనకుండా పొలం పని చక్కబెట్టుకోలేడు. అవి ఫారసీ నుండి వచ్చినవని ఎవరికీ గుర్తు లేదు.

ఇంతలో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశాడు. కరువుతో అలమటించిన డెల్టాకు కాలువలు వచ్చాయి. కాలువలతోపాటు కొత్త ఉద్యోగాలూ వచ్చాయి. ఓవర్సీర్లు, సర్వేయర్లు, లెక్కలు వ్రాసే గుమాస్తాలు కావలసి వచ్చారు, వీళ్ళందరికీ ఇంగ్లీషు కావాలి. రాజమండ్రిలో 1853లో పెట్టిన జిల్లా పాఠశాల 1873లో కళాశాల అయినది. డెల్టాలో వరి పండి చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కుటుంబాలు పిల్లలను అక్కడికి పంపసాగాయి. ఈ ఇంగ్లీషు చదువుల వైపు మనవాళ్ళు ఆలస్యంగా కదిలారన్నది అందరూ ఎరిగినదే. ఉత్తరాదిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీఘర్‌లో 1875లో బడి పెట్టి మొత్తుకోవలసి వచ్చింది అందుకే.

ఆ కాలంలో ఇంగ్లీషు చదివిన కుర్రవాని ముందు మూడు దారులు: రెవెన్యూ ఉద్యోగం, వకీలు వృత్తి, పంతులుగిరీ. మొదటి రెండింటిలో డబ్బు, మూడవదానిలో దరిద్రం. రాజమండ్రిలో 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు మూడవదే పట్టుకున్నారు. సర్కారు ఉద్యోగమంటే లంచాలు, వకాల్తా అంటే అబద్ధాలు అని తోచి రెండూ వదిలేశారు. కోరంగిలోను, ధవళేశ్వరంలోను బడిపంతులుగా పనిచేసి తరువాత రాజమండ్రి కళాశాలలో తెలుగు పండితులైనారు. మాదీ అదే వృత్తి గనుక మేము కొంచెం గర్వంగానే చెప్పుకుంటాము. అయితే ఆయనది చదువు ఎంపిక కాదు, ఉద్యోగం ఎంపిక. చదువు విషయంలో అసలు ముచ్చట ఆ కళాశాలలోనే తరువాతి తరంలో జరిగింది.

1909 నుండి 1919 దాకా అక్కడ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉన్నాడు. స్వయంగా చిత్రకారుడు, కవి. పుస్తకాల చదువు మీద కంటె బొమ్మల మీద దృష్టి గల దామెర్ల రామారావు అనే కుర్రవాడు ఆయన కంట పడినాడు. ఇంకొకరైతే "ఆ గీతలు కట్టిపెట్టి పరీక్ష చూసుకో" అని ఉందురు. ఈయన ఆ పిల్లవాణ్ణి దగ్గరకు తీసి, ప్రోత్సహించి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించే ఏర్పాటు చేశాడు. రామారావు అక్కడ పేరు తెచ్చుకుని, తిరిగివచ్చి, రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి శిష్యులను తయారుచేశాడు. 1925లో మశూచికం సోకి 28 ఏళ్ళయినా నిండకుండా పోయాడు. గోదావరి గట్టున ఆయన పేరిట చిత్రశాల యున్నది. చూడనివారు పిల్లలతో ఒకసారి వెళ్ళి చూడండి.

అదే దొరగారి శిష్యుడు అడివి బాపిరాజు. 1895లో భీమవరంలో పుట్టారు. వీరికీ బొమ్మలంటే పిచ్చి, కవిత్వం ఇంకో పిచ్చి. కాని వీరు బొంబాయి పోలేదు. బి.ఎ. చదివి, మద్రాసులో బి.ఎల్. చేసి, కొంతకాలం ప్లీడరుగా కూడ పనిచేశారు. అటుపైన బందరు జాతీయ కళాశాల ప్రిన్సిపాలు, చిత్రకారుడు, 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' నవలల రచయిత. మన సభ్యులలో చాలమందికి తెలియని సంగతి ఒకటి చెబుతాము. 1940లలో హైదరాబాదు నుండి కలకత్తావాలా అనే ముస్లిము వ్యాపారి 'మీజాన్' పేరుతో ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషలలో దినపత్రికలు నడిపాడు. అందులో తెలుగు పత్రికకు సంపాదకులు ఈ బాపిరాజుగారే. లా పట్టా బీరువాలోనే ఉంది, ఇంటిని నడిపింది కలం. అలాగని ఆ పట్టా దండుగ అయిందని మేము అనము. చేతిలో ఒక పట్టా ఉందన్న ధైర్యం ఎంతటి సాహసానికైనా వెన్నుదన్ను.

ఒకే గురువు, ఒకే ఊరి కళాశాల, ఒకే రకం మోజు. ఒకడు సూటిగా మోజు వెంట పోయాడు, ఒకరు పొట్టకూటి చదువు పూర్తిచేసి మోజు వైపు మళ్ళినారు. ఏది ఒప్పు అని తీర్పు చెప్పడం మాకు చేతకాదు.

భీమవరంలోనే అదే 1895లో పుట్టిన మరొకరి కథ ఇంకా విచిత్రం. ఎల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్ పరీక్ష మూడోసారికి గాని గట్టెక్కలేదు. చిన్నతనంలో కాశీ పారిపోయి అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు గడించాలని చూశాడని చెబుతారు. ఇంటర్‌లో లెక్కలంటే ఇష్టం. మనసేమో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలని. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే అదీ సేవే కదా అన్న మాట మీద మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్. కాక ఒక మెట్టు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. ఆ పట్టాతో సర్కారు కొలువు దొరకలేదు. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకుంటూ ఉండి, 1923లో అమెరికా వెళ్ళాడు.

అక్కడ హార్వర్డులో చదువుకుంటూ, ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనుగొన్నాడు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాడు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ బయటికి వచ్చాయి. పిల్లల రక్తక్యాన్సరుకు వాడిన అమినాప్టెరిన్ కూడ ఆయన బృందం చేతి నుండి వచ్చినదే. బోదకాలు మన డెల్టా జబ్బు, దానికి మందు భీమవరం బిడ్డ చేతి మీదుగా రావడం చూడండి. 1948లో అక్కడే పోయాడు. ఇంటి దగ్గర వదిలివెళ్ళిన భార్యను మళ్ళీ చూసింది లేదు. ఇష్టమైన చదువు వెంట పోయినందుకు ఆయన ఇచ్చిన ఖరీదు అది. అందులో సగం ఆమె చెల్లించారు.

ఆయన అమెరికా ప్రయాణానికి డబ్బు ఎక్కడిది అన్నది మన సంఘం వారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. మామగారు కొంత సమకూర్చారు. మరికొంతకు అండగా నిలిచింది కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. రంగూను వెళ్ళి గడించిన ఆ నాయకరు తన ఆస్తిని విద్యాదానానికి వదిలిపోయాడు. అంటే ఓడ టిక్కెట్టు వెనుక ఒక మామగారు, ఒక ధర్మనిధి. దామెర్ల వెనుక ఒక కూల్డ్రే. మనసైన చదువు చదివిన ప్రతివాని కథలోను తొందరపడి పేజీ తిప్పకుండా వెతికితే, డబ్బు పెట్టినవాడో, దారి చూపినవాడో ఒకడు కనబడతాడు. సభల్లో ఉపన్యాసకులు "మీకు నచ్చింది చదవండి" అని చెప్పి కుర్చీలో కూర్చుంటారు. ఫీజు సంగతి వారెవరూ ఎత్తరు.

ఇక మనవాళ్ళ మాట. పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ అలీషా గారు సూఫీ కుటుంబం వారై ఉండీ తెలుగులో పద్యం చెప్పి కవిగా నిలబడ్డారు. కేంద్ర శాసనసభ సభ్యులుగా కూడ పనిచేశారు. ఆయన కాలానికి మన ఇంటి పిల్లవాడు తెలుగు పద్యం పట్టుకోవడం ఏ ఉద్యోగాన్ని చూసీ కాదు.

ఉర్దూ మాధ్యమం పిల్లల తండ్రులకు మేము తప్పక చెప్పే కథ ఉస్మానియాది. 1918లో హైదరాబాదులో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. అనువాద శాఖ ఒకటి పెట్టి శాస్త్ర గ్రంథాలన్నీ తర్జుమా చేయించారు. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలోనే చెప్పారు. ఉర్దూలో చదివితే అన్నం దొరకదన్న మాట ఆ 30 ఏళ్ళు ఆ రాజ్యంలో ఎవరూ అనలేదు, పరిపాలనా ఉర్దూలోనే గనుక. 1948 తరువాత రాజ్యం మారింది, బోధన ఇంగ్లీషులోకి మారింది. 1837లో ఫారసీ మున్షీకి జరిగినదే ఉర్దూ పట్టభద్రునికీ జరిగింది. లోపం చదువులో లేదు. కచేరీ భాష మారింది, అంతే. అదే కాలంలో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో ఉస్మానియా కళాశాల పెట్టి మనవాళ్ళకు కొత్త చదువుల దారి తెరిచారు. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 2018 నుండి వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌ను ఉర్దూలో వ్రాయవచ్చును. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష అయినది. తలుపులు మూసుకోవడమే కాదు, తెరుచుకోవడమూ ఉన్నది.

1969 ప్రాంతంలో పి.యు.సి. పోయి ఇంటర్మీడియట్ వచ్చింది, 1986లో ఎంసెట్ వచ్చింది. అప్పటి నుండి 15 ఏళ్ళ పిల్లవాని తలరాతను రెండు మూడు అక్షరాలలో వ్రాసేయడం మొదలైంది. మేము ఇంటర్ చదివిన 1990 దశకంలో కంప్యూటరు అన్న మాట అల్లాదీన్ దీపంలా వినపడేది. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2007లో వెనుకబడిన ముస్లిములకు 4 శాతం రిజర్వేషను చట్టం, ఆ వెనుకే ఫీజు రీయింబర్సుమెంటు రావడంతో మన ఇళ్ళలోనూ ఇంజనీర్లు తయారయ్యారు, సంతోషమే. తరువాత విద్యార్థులు చేరక ఆ కళాశాలలు కొన్ని మూతపడ్డాయి కూడ. బ్రాంచి ఎంచుకున్న నాడు ఉన్న గిరాకీ నాలుగేళ్ళ తరువాత పట్టా తీసుకునే నాటికి ఉంటుందన్న పూచీ ఎవరిస్తారు?

మన ఊరి పూతరేకుల సంగతే చూడండి. బోర్లించిన కుండ క్రింద మంట, బియ్యపు పలుచని పిండినీళ్ళలో ముంచిన గుడ్డ, ఒక్క విసురు. ఏ గ్రూపులోను లేని ఆ విద్యను తల్లి దగ్గర కూతురు నేర్చుకుంటుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇది అందరినీ కుండ దగ్గర కూర్చోమనడానికి చెప్పడం లేదు. ఆ రేకును పెట్టెలో పెట్టి దేశాలకు పంపడానికి వాణిజ్యం చదివిన పిల్ల కావాలి, లెక్కలు వచ్చిన పిల్లవాడు కావాలి. సి.ఇ.సి.ని మిగిలిపోయినవారి గ్రూపు అనడం మాకు అందుకే నచ్చదు.

అడిగినవారికి మేము చెబుతున్నది ఇది. ఇంట్లో రెండో సంపాదన లేనివారు ముందు మూడు నాలుగేళ్ళలో జీతం వచ్చే చదువు చూసుకోండి, పాలిటెక్నిక్ అయినా సరే, టీచరు ట్రైనింగు అయినా సరే. బాపిరాజుగారిలాగ ప్రక్కన ఇష్టాన్ని బ్రతికించుకోనివ్వండి, బొమ్మల పుస్తకం చింపెయ్యకండి. కాస్త నిలదొక్కుకున్న ఇంటివారు పిల్ల చరిత్ర చదువుతానంటే బి.ఎ. చదవనివ్వండి. తరువాత బి.ఎడ్. ఉన్నది, గ్రూప్ పరీక్షలు ఉన్నాయి, జర్నలిజం ఉన్నది, లా ఉన్నది. ఆడపిల్లకు ఏదో ఒక డిగ్రీ చాలులే అనడం మాత్రం ఏ లెక్కలోనూ ఒప్పుకోము.

సంఘ పెద్దలకు ఒక మనవి. మన బోటి సంఘాలలో ఉపకార వేతనం అనగానే ఇంజనీరింగు, మెడిసిను పిల్లలే గుర్తుకు వస్తారు. బి.ఎ.లో చేరిన పిల్ల దరఖాస్తు అడుగున పడుతుంది. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాని వెనుక కాకినాడ ధర్మనిధి నిలబడింది. ఏటా ఒక్క వేతనమైనా బొమ్మలు వేసేవారికో, చరిత్ర, సాహిత్యం చదివేవారికో కేటాయించే విషయం వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము. మా వంతు చందా కార్యదర్శిగారికి అందజేయగలము.