పరిమిత అనుమతులున్న ఆఫీసు కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్

ఆఫీసు కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి సాధారణంగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. రోజువారీ పనికి ఒక ఖాతా, యంత్రంలో మార్పులకు మరో ఖాతా ఉండాలన్నది ఇందులోని సూత్రం. తెలుగు ప్రాంతాల కార్యాలయాల్లో తెలుగు టైపింగ్, వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకాల దగ్గర దీని ప్రభావం ఎక్కువ.

ఆరంభం

ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకున్న రోజుల్లో ఈ విభజన పుట్టింది. 1970ల తొలినాళ్లలోనే యూనిక్స్ ‘రూట్’ అనే సర్వాధికార ఖాతాను మిగతావాటి నుంచి వేరుచేసింది. డాస్‌లో, విండోస్ 95, 98లలో ఇలాంటి కట్టడి లేదు. కూర్చున్నవారు ఏదైనా ఎక్కించవచ్చు, ఏదైనా చెరిపేయవచ్చు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఖాతాలవారీ హక్కులను తెచ్చింది. విండోస్ 2000లోని యాక్టివ్ డైరెక్టరీతో ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సాఫ్ట్‌వేర్ పంపడం వీలైంది. 2007 నాటి విస్టా, అడ్మినిస్ట్రేటర్‌ను కూడా మార్పుకు ముందు అనుమతి అడగడం మొదలుపెట్టింది.

తెలుగు టైపింగ్

2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగు యూనికోడ్‌ను, గౌతమి ఫాంటును అందించింది. కానీ తెలుగు రావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో భాషల ఎంపిక తెరిచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, రీస్టార్ట్ చేయాల్సి వచ్చేది. ఇదంతా అడ్మినిస్ట్రేటర్ చేయాల్సిన పని. అది జరగని కంప్యూటర్లలో ఒత్తులు, గుణింతాలు చెదిరిపోయేవి. విస్టా నుంచి ఆ తోడ్పాటు ముందే సిద్ధంగా వచ్చింది. ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే ‘లేఖిని’ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి, దానికి ఇన్‌స్టలేషనే అక్కర్లేదు. ఫాంట్ల చిక్కు మాత్రం చాలాకాలం మిగిలింది. విండోస్ 10కు 2018లో వచ్చిన 1809 కూర్పుతో సాధారణ ఖాతాదారు కూడా తనవరకు ఫాంటు చేర్చుకోగలిగాడు.

ప్రభుత్వ కార్యాలయాలు

ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల ‘కార్డ్’ పథకం, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. సచివాలయాల రాకతో నంద్యాల జిల్లా గోస్పాడు వంటి మండలాల గ్రామాల్లోనూ డిజిటల్ అసిస్టెంట్ కొలువు ఏర్పడింది. ఇక్కడి అవసరాలన్నీ బ్రౌజర్‌తో తీరవు. తహసీల్దారు డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌కు డ్రైవర్ కావాలి. వేలిముద్ర యంత్రానికి డ్రైవర్‌తోపాటు ‘ఆర్‌డీ సర్వీసు’ అనే ప్రోగ్రాం కూడా కావాలి. ఇవి వ్యవస్థ లోపలి భాగాలను తాకుతాయి కాబట్టి సాధారణ ఖాతాతో ఎక్కవు. అనుమతి ఆలస్యమైతే ఆగేది ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషి పని. అందుకే వీటిని కంప్యూటర్ అప్పగించే ముందే ఎక్కించి ఉంచడం మేలు.

భద్రత

హానికర ప్రోగ్రాం ఏ ఖాతాలో మొదలైతే ఆ ఖాతా హక్కులతోనే నడుస్తుంది. అందుకే 2022 జూన్‌లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు రోజువారీ పనికి సాధారణ ఖాతానే వాడాలని మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే ఖాతా పరిమితి ఒక్కటే చాలదు. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకిన ‘వానాక్రై’ విండోస్‌లోని లోపం ద్వారా నెట్‌వర్క్‌లో పాకింది. దాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. ఉద్యోగి చేతి నుంచి ఇన్‌స్టలేషన్ హక్కు తీసుకున్న సంస్థ, అప్‌డేట్లను వేళకు ఎక్కించే బాధ్యతనూ తానే మోయాలి.