విప్పుకోవడానికి వదిలిన గుడ్డ

ఇంటి కుట్టుపనిలోని పొదుపు కుట్టుమిషన్‌తోనే వచ్చిందని చాలామంది నమ్మకం. మిషన్ విలువ కాదనలేనిదే. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషన్‌ను మినహాయించారు. భార్య చేతికుట్టు శ్రమ చూడలేకే సింగర్ దాన్ని తయారుచేశాడని, దాని వెనక ప్రేమ ఉందని ఆయన భావించారు. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలయ్యాక దేశీయ యంత్రమూ దొరికింది. అయితే మిషన్ ఇచ్చింది వేగమే. పొదుపు అంతకుముందే సూదీదారంలో ఉంది. ఆడపిల్ల పరికిణీకి అంచు పైన రెండు మూడు మడతలు వేసి కుట్టేవారు. పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కో మడత విప్పితే అదే పరికిణీ మరో ఏడాది వచ్చేది. జాకెట్టు పక్కకుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేవారు, ఒళ్లు చేస్తే వదులు చేసుకోవడానికి. పాత చీర పిల్లల గౌనయ్యేది, చివరికి బొంతలో చేరేది.

లేమితో చేసిన పనికి నైపుణ్యమని పేరెందుకని కొందరంటారు. లేమి అవసరాన్ని తెస్తుంది, నిజమే; ఎదిగే ఒంటిని ముందే లెక్కగట్టి కత్తెర వేయడం మాత్రం తల్లి దగ్గర కూతురు నేర్చుకున్న విద్య. నేటి రెడీమేడ్ దుస్తుల్లో చాలావాటికి కుట్టు పక్కనే గుడ్డ కత్తిరించి ఓవర్‌లాక్ చేస్తారు, విప్పడానికేమీ మిగలదు. టైలర్‌కి గుడ్డ ఇచ్చేటప్పుడైనా లోపల కాస్త వదలమని చెప్పండి.