పరీక్షకు ముందటి పరీక్ష

అమెరికా పౌరసత్వమునకు 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు చేయువారికి 128 ప్రశ్నల పట్టిక నిర్ణయింపబడినది. అధికారి అందుండి 20 వరకు నోటితో అడుగును. 12 సరియైన చాలును. ఇంగ్లీషులో ఒక వాక్యము చదివి, ఒకటి వ్రాయవలెను. అక్కడ స్థిరపడిన మన తెలుగువారికి ఇది దుస్సాధ్యమేమియు కాదు.

పూర్వము భారతీయులకు అడ్డు నిలిచినది చదువు కాదు, వర్ణము. నాటి చట్టము శ్వేతజాతీయులకును, ఆఫ్రికా సంతతివారికిని మాత్రమే పౌరసత్వము నిచ్చెడిది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సేనలో పనిచేసిన భగత్‌సింగ్ థింద్ శ్వేతజాతీయుడు కాడని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. శాస్త్రమేమనినను, సామాన్యుడు అతనిని తెల్లవాడనడట! ఎంత వింత తర్కము! అంతకుముందే పౌరులైన పలువురు భారతీయుల పత్రములు సైతము రద్దయినవి. మాజీ సైనికులకై 1935లో వచ్చిన చట్టము వలన థింద్ మరుసటి యేడు పౌరుడయ్యెను. తక్కిన భారతీయులకు 1946 వరకు ద్వారము తెరువబడలేదు. అప్పుడైనను ఏటా వలసకు అనుమతి 100 మందికే.