ఇంకయాకు పరాకాసెన్సిస్

ఇంకయాకు పరాకాసెన్సిస్ అంతరించిపోయిన ఒక భారీ పెంగ్విన్ జాతి. సుమారు 3.6 కోట్ల ఏళ్ల కిందట, ఇయోసీన్ యుగం చివరి దశలో, నేటి పెరూ దేశపు పసిఫిక్ తీరంలో జీవించింది. పరాకాస్ జాతీయ రక్షిత ప్రాంతంలోని ఎడారి రాళ్లలో దీని శిలాజం దొరికింది. జూలియా క్లార్క్ నాయకత్వంలోని బృందం 2010లో ‘సైన్స్’ పత్రికలో దీన్ని వర్ణించి పేరు పెట్టింది. ఆ నమూనా లిమాలో, శాన్ మార్కోస్ విశ్వవిద్యాలయపు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఈదేటప్పుడు దీని పొడవు దాదాపు 1.5 మీటర్లు ఉండేది. బరువు నేటి ఎంపరర్ పెంగ్విన్‌కు ఇంచుమించు రెట్టింపని అంచనా. ముక్కు పొడవైనది.

ఇంత పెద్ద పెంగ్విన్లు అంతకుముందూ దొరికాయి. పెరూలోనే, ఇంచుమించు ఇదే కాలానికి చెందిన ఇకడిప్టిస్ 2007లోనే వెలుగు చూసింది. ఇంకయాకును ప్రత్యేకంగా నిలబెట్టింది దాని ఈకలు. ఎముకలతో పాటు రెక్క ఈకలు, ఒంటి ఈకలు కూడా రాతిలో నిలిచాయి. శిలాజాల్లో ఇది చాలా అరుదైన భాగ్యం. వాటిలో మెలనోసోములు, అంటే రంగునిచ్చే మెలనిన్‌ను దాచుకునే అతిసూక్ష్మ కణికలు, ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. వాటి ఆకారాన్ని, పరిమాణాన్ని నేటి పక్షుల ఈకలతో పోల్చి చూస్తే బూడిద రంగు, ఎర్రటి గోధుమ రంగు తేలాయి. పెంగ్విన్ అనగానే మనకు తోచే నలుపు తెలుపుల వేషం ఆ ఈకల్లో కనిపించలేదు.

ఈకల ఆకారం మాత్రం అప్పటికే పెంగ్విన్లదే. కాడలు వెడల్పుగా, చదునుగా ఉన్నాయి. రెక్క మీది చిన్న ఈకలు ఒకదానిపై ఒకటి దట్టంగా పేరుకుని, నీటిని చీల్చుకుపోయే గట్టి తెడ్డుగా రెక్కను మలిచాయి. అంటే ఈతకు తగిన రూపం ముందు వచ్చింది, నేటి రంగు ఆ తర్వాతే వచ్చింది. ఇప్పటి పెంగ్విన్ల మెలనోసోములు పెద్దవి, ద్రాక్ష గుత్తుల్లా కూడి ఉంటాయి. ఇంకయాకువి మిగతా పక్షుల్లోలాగే చిన్నవి. మెలనిన్ ఈకలను అరుగుదల నుంచి కాపాడుతుంది కనుక, నీటి ఒరిపిడిని తట్టుకునే అవసరమే ఆ మార్పుకు కారణమై ఉండవచ్చని పరిశోధకులు సూచించారు.

పెంగ్విన్లను మంచుతో ముడిపెట్టి చూసే అలవాటును కూడా ఈ జాతి సవరిస్తుంది. పరాకాస్ భూమధ్యరేఖకు దక్షిణాన సుమారు 14 డిగ్రీల దూరంలో, ఉష్ణమండలంలో ఉంది. పైగా అప్పటి భూమి ఇప్పటికన్నా వెచ్చనిది; అంటార్కిటికా మీద మహా హిమఫలకం ఇంకా పరుచుకోలేదు. అదే తీరంలో ఇప్పుడు హంబోల్ట్ పెంగ్విన్లు గూళ్లు కట్టుకుంటున్నాయి.