తుపాకిగుండు బలం, పాచికల లెక్క

పెండిల్ హిల్‌లో మా ఇంటి భోజనాల బల్ల మీద ఈ మధ్య ఒక అంతరిక్ష యుద్ధం జరిగింది. అది మధ్యలోనే ఆగిపోయింది. కారణం నేనే. ఆ సంగతి చెప్పేముందు 1742కి వెళ్ళాలి.

ఆ ఏడాది బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త ఫిరంగుల శాస్త్రం మీద ఒక పుస్తకం వేశాడు. తుపాకిగుండు కంటికే కనిపించదు గదా, దాని వేగం కొలవడం ఎలా? ఆయన చెక్క బిగించిన బరువైన లోలకాన్ని వేలాడదీసి దాని మీదికి కాల్చాడు. గుండు చెక్కలో దిగబడుతుంది, లోలకం వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో చూసి, రెండింటి బరువులూ తెలిస్తే వేగం లెక్కకట్టవచ్చు. సెకనుకు 1,600 అడుగుల పైచిలుకు తేలింది!

ఈయనకీ మనకీ కాస్త చుట్టరికం ఉందండోయ్. ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచెయ్యడానికి మన తూర్పుతీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. మరో ఆరేళ్ళకు, 1757 జనవరిలో, బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. మా నాయనమ్మకు తాండ్ర పాపారాయుడు తెలుసుగానీ రాబిన్స్ తెలీదు. నాకు మొన్నటిదాకా ఇద్దరూ సగం సగమే.

ఇలాంటి కొలతల్ని ఆటలోకి తెచ్చింది ప్రష్యా సైనికులు. 1824లో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు అచ్చువేసిన యుద్ధక్రీడలో పాచిక వేస్తే ఎంత నష్టమో తేలేది. ఆ అంకెలు గాలిలోంచి పుట్టలేదు, షార్న్‌హోర్స్ట్ అనే సేనాని కాల్పుల పరీక్షల ఆధారంగా వేసినవి.

ఇక మా బల్ల దగ్గరికి వద్దాం. పదేళ్ళ మావాడు, వాడి స్నేహితులిద్దరు సొంతంగా ఒక ఆట కల్పించుకున్నారు. "నాన్నా, లేజర్‌కి ఎన్ని దెబ్బ పాయింట్లు వెయ్యాలి?" అన్నాడు. వాళ్ళకి తోచినట్టు రాసుకోనిస్తే పోయేది. నేను ఎక్సెల్ తెరిచాను. నూరు జౌళ్ళకు ఒక పాయింటు. పిస్తోలు గుండు శక్తి సుమారు 500 జౌళ్ళు, అంటే 5. సైన్యం వాడే పెద్ద రైఫిల్‌ది 3,400, అంటే 34. ఓడ మీది లేజర్‌కి పది లక్షలు అనుకున్నాం. అంటే పదివేలు! మనిషి ప్రాణమేమో 40. లేజర్ చీటీ వచ్చినవాడు మొదటి వంతులోనే అందరినీ బూడిద చేశాడు. పిస్తోలు వచ్చిన పిల్లవాడు ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. "లెక్క సరైనదే కదా" అని నేను వాదించాను కూడా. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. గుండుకున్న శక్తి వేరు, అది చేసే గాయం వేరు. ఒంట్లోంచి దూసుకుపోయిన గుండు మిగిలిన శక్తిని తనతోనే పట్టుకుపోతుంది. 1986లో అమెరికాలో వచ్చిన గర్ప్స్ అనే ఆటలో 9 ఎం.ఎం. పిస్తోలుకు రెండు పాచికలు, పైన రెండు. రైఫిల్‌కి ఏడు పాచికలు. సగటు తీస్తే 9, 24.5. శక్తి ఏడురెట్లు ఉంటే దెబ్బ రెండున్నర రెట్లు దాటి కాస్త. ఏడుకి వర్గమూలం దాదాపు అంతే గదా!

సరే, శక్తికి వర్గమూలం తీసి పదితో భాగించాను. పిస్తోలు 2, రైఫిల్ 6, లేజర్ 100. మనిషి ప్రాణం 10, ఓడ కవచం 90. లేజర్ తగిలితే మనిషి పోతాడు, అది న్యాయమే. ఓడ మాత్రం ఒక్క దెబ్బకు పేలిపోదు, చిల్లు పడుతుంది. ఇందులోనూ నా ఇష్టం కొంత ఉందని ఒప్పుకుంటున్నాను. పదితోనే ఎందుకు భాగించాలంటే నా దగ్గర జవాబు లేదు, పిల్లలు కూడుకోవడానికి సులువని.

ఆ అబ్బాయి ఇంటికి నేనే ఫోన్ చేశాను. శనివారం వచ్చాడు. చీటీ తీస్తే మళ్ళీ పిస్తోలే! నాకేసి చూశాడు.

"మనిషి పడాలంటే ఎన్నిసార్లు కొట్టాలంకుల్?"

"అయిదు" అన్నాను.

కాసేపు ఆలోచించి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.